రజాయిలో గాలి – జాబితాలో లేని దూదేకుల విల్లు

రాజధానిలో రాజకీయాలకు ఋతుభేదం లేదు గాని, చలికి మాత్రం పంచాంగం తప్పదు. దీపావళి దాటగానే తెల్లవారుజామున మంచు మొదలవుతుంది. డిసెంబరు మూడవ వారానికి ఎముకలలోకి దిగుతుంది. మనకు సంక్రాంతి వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులలో కూడా ఇక్కడ పొద్దు పదిగంటల దాకా మసకగానే ఉంటుంది. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1935 జనవరి 16న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 0.6 డిగ్రీలకు పడిపోయింది. అంతటి చలి మళ్ళీ రాలేదు గాని, 2021 సంవత్సరపు మొదటి తెల్లవారుజామున 1.1 డిగ్రీ నమోదైనది. పలచని దుప్పటితో ఏడాది పొడుగునా గడుపుకోగల కోస్తా జిల్లాల మనిషికి ఈ అంకెల అర్థం కాగితం మీద బోధపడేది కాదు.

ఈ చలితో ప్రతి ఏటా కొత్తగా తెలుగువారికి పరిచయం కలిగించే పేట ఓల్డ్ రాజిందర్ నగర్. కరోల్ బాగ్‌కు పక్కన, పూసా రోడ్డుకూ శంకర్ రోడ్డుకూ నడుమ ఉన్న ఈ పేటలో బడా బజార్ మార్గ్ చుట్టుపక్కల సివిల్ సర్వీసుల పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థలు కిక్కిరిసి ఉన్నాయి. శ్రీకాకుళం మొదలు ఆదిలాబాదు దాకా మన జిల్లాలన్నిటి నుంచి యువతీ యువకులు ఇక్కడి ఇరుకు గదులలో చేరి, తల్లిదండ్రుల కష్టార్జితాన్నీ తమ వయస్సునూ పణంగా పెట్టి చదువుతూ ఉంటారు. 2024 జూలై 27న వాననీరు ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలోని గ్రంథాలయంలోకి చొచ్చుకువచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించినప్పుడు దేశం దృష్టి ఈ పేట మీద పడింది. వర్షాకాలపు ఆ విషాదం పార్లమెంటు దాకా వెళ్ళింది. శీతాకాలపు చిన్న చిన్న బాధలకు అంతటి భాగ్యం లేదు. అవి ప్రాణం తీయవు. నిద్ర మాత్రం తీస్తాయి. నిద్ర లేనివాడికి మరునాటి చదువు లేదు.

ఆ బాధలలో మొదటిది రజాయి. గది ఖాళీ చేసి పోయేవారు వచ్చేవారికి పుస్తకాలతో పాటు పరుపునూ రజాయినీ ఇంత అని వెలకట్టి అప్పగించి పోవడం ఇటువంటి గదులలో ఆనవాయితీ. రెండు మూడు శీతాకాలాలు చూసిన ఆ రజాయి కొన్ననాటి పొంగు కోల్పోయి చాపవలె అణగి ఉంటుంది. తడిమి చూస్తే ఒకచోట గడ్డ, ఒకచోట వట్టి గుడ్డ. ఎత్తి చూస్తే బరువు ఏమీ తగ్గలేదు. కప్పుకుంటే వెచ్చదనం లేదు. బరువు అంతే ఉండగా వెచ్చదనం ఎటు పోయింది? ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని పోతే ఒక భౌతికశాస్త్ర పాఠం, ఒక వృత్తి చరిత్ర, చివరకు కేంద్ర ప్రభుత్వపు ఒక జాబితా ఎదురవుతాయి. వార్తాలేఖకు అంతకంటే ఏమి కావాలి?

గాలికి కట్టిన గూడు

దూది వెచ్చదనాన్ని పుట్టించదు. వెచ్చదనం మన ఒంటిది. దానిని పోనీయకుండా ఆపేది దూది పోగుల మధ్య చిక్కుకుని కదలలేకపోయిన గాలి. నిశ్చలమైన గాలి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.026 వాట్లు. నీటిది దానికి ఇరవై రెట్లకు పైమాట. అంటే రజాయి అనేది గాలికి కట్టిన గూడు అన్నమాట. కొత్తగా ఏకిన దూదిలో ప్రతి పోగూ పక్క పోగుకు ఎడంగా నిలుస్తుంది. ఆ ఎడమే మనకు రక్ష. మనిషి పడుకున్న బరువుకూ, మడతపెట్టి ట్రంకు పెట్టె కింద తొక్కిన బరువుకూ పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైగా పత్తికి నీటి మీద ప్రీతి ఎక్కువ. సాధారణమైన తేమలోనే అది తన బరువులో ఏడెనిమిది శాతం నీటిని పట్టి ఉంచుతుంది. మూడు కిలోల రజాయిలో పావు లీటరుకు కొంచెం తక్కువగా నీరు ఎప్పుడూ దాగి ఉంటుందన్నమాట. పొగమంచు రోజులలో, ఎండ సోకని గదులలో ఇది ఇంకా పెరుగుతుంది. గాలి ఉండవలసిన చోట నీరు చేరితే చలి లోపలికి దారి తెలుసుకున్నట్లే.

హిమాలయాలెక్కేవారి స్లీపింగ్ బ్యాగుకూ ఇదే సూత్రం. అందులో దూదికి బదులు బాతుల, హంసజాతి పక్షుల రొమ్ము మీది నూగు ఉంటుంది. దీనికి కాడ ఉండదు. నడిమి నుంచి అన్నివైపులకూ విచ్చుకున్న సన్నని పోగులే. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపుటంగుళాల మేర పొంగుతుందో కొలిచి దాని నాణ్యతను నిర్ణయిస్తారు. ఆరువందలు మంచిది, ఎనిమిది తొమ్మిది వందలు మేలురకం. 1922లో ఎవరెస్టు యాత్రకు వెళ్ళిన జార్జి ఫించ్ బెలూను గుడ్డలో ఈ నూగును కూర్చి కోటు కుట్టించుకున్నాడు. ఉన్ని కోట్లు తొడిగిన తోటివారు మొదట నవ్వారు గాని, చలి ముదిరాక అతని తెలివిని మెచ్చుకోక తప్పలేదు. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అదే శిఖరాన్ని ఎక్కారు. ఇప్పటికీ ఆ ఎత్తులకు పోయేవారు నమ్ముకునేది ఈ నూగునే.

నూగు సంచీ కూడా రజాయి వలెనే మూలపడుతుంది. ఒంటి చెమట, జిడ్డు పట్టి పోగులు ముద్దకడతాయి. వెయ్యి రూపాయల వస్తువైనా యాభైవేల రూపాయల వస్తువైనా రోగం ఒకటే. మందు కూడా ఒకటే జాతిది: ఘాటు లేని సబ్బుతో మృదువుగా ఉతకాలి, సబ్బు ఆనవాలు లేకుండా నీళ్ళు మార్చి జాడించాలి, పిండకుండా, మెలిపెట్టకుండా అదిమి నీరు దించాలి, తక్కువ వేడిలో గంటల తరబడి తిప్పుతూ ఆరబెట్టాలి. ఆరబెట్టే యంత్రంలో రెండు మూడు టెన్నిసు బంతులు వేస్తే అవి ఎగిరెగిరి పడి గడ్డలను చెదరగొడతాయి. తరువాత బిగించి చుట్టకుండా వదులు సంచీలో దాచాలి. ఆ టెన్నిసు బంతి చేసే పనినే మన దేశంలో తరతరాలుగా ఒక విల్లు చేస్తున్నది. మన ఊళ్ళలో బూరుగుదూది దిండ్లను ఎండలో వేసి బెత్తంతో తట్టే ముసలమ్మకు కూడా ఈ శాస్త్రం తెలిసినదే. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది. వడికి దారం చేయడానికి పనికిరాదు గాని గాలిని దాచడంలో పక్షి నూగుకు చుట్టం.

విల్లు పట్టిన చేయి

ఉత్తరాదిన శీతాకాలానికి ముందు రజాయి విప్పించి దూది ఏకించడం గృహస్థ ధర్మాలలో ఒకటిగా ఉండేది. ఆ పని చేసేవారిని ధునియాలంటారు. భుజాన నిలువెత్తు విల్లు, చేతిలో రెండు కొసలా లావుగా నడుమ సన్నగా చెక్కిన కొయ్య గుండు పట్టుకుని, వింటినారిని టంకారం చేసుకుంటూ వీధి వెంట పోయేవారు. ఆ మోతే వారి ప్రచారం. ఇంటి ముంగిట దూదిని కుప్పపోసి, నారిని అందులోకి దింపి గుండుతో కొడితే, నారి కంపనానికి గడ్డ విడిపోయి పోగులు పైకెగురుతాయి. దుమ్ము, గింజనలుసు బరువు వల్ల కింద రాలిపోతాయి. తేలికైన దూది పక్కన మబ్బువలె పేరుకుంటుంది. అటు తరువాత ఉతికి ఆరేసిన గలీబులో దానిని సమంగా పరచి, బెత్తంతో సవరించి, చోటు కదలకుండా పొడుగు కుట్లు వేస్తారు. తరుగు పోయినంత మేర కొత్త దూది కలుపుతారు. సాయంత్రానికి పాత రజాయి కొత్తదవుతుంది. ఖర్చు కొత్తదాని ధరలో కొద్ది పాలు మాత్రమే.

ఇప్పుడు వీధి వెంట విల్లు అరుదు. చిన్న విద్యుత్ యంత్రం పెట్టుకున్న దుకాణాలలో ఈ పని సాగుతున్నది. యంత్రంలోని పండ్ల చక్రం దూదిని చీల్చి విడదీస్తుంది. పని త్వరగా తెములుతుంది గాని దుమ్ము గదిలోనే తిరుగుతుంది. పత్తి దుమ్మును ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయన్నది వైద్యశాస్త్రం ఎన్నడో తేల్చిన సంగతి. మిల్లు కార్మికులకు ఈ జబ్బు విషయమై చట్టపు రక్ష ఎంతో కొంత ఉన్నది. ఒంటరి దుకాణంలో ముక్కుకు గుడ్డ కట్టుకుని నిలబడినవాడికి అదీ లేదు.

ఈ వృత్తివారు ఉత్తరాదిన తమను మన్సూరీలని చెప్పుకుంటారు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ వారికి ఆదిపురుషుడు. హల్లాజ్ అనే మాటకే అరబ్బీలో దూది ఏకేవాడని అర్థం. పదహారవ శతాబ్దపు సంతు దాదూ దయాళ్ కూడా ధునియా కులస్థుడేనని సంప్రదాయం చెబుతుంది. ఉత్తరప్రదేశ్ వెనుకబడిన వర్గాల జాబితాలో నద్దాఫ్, ధునియా, మన్సూరీ, బేహ్నా అనే పేర్లు కలిసి కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాబితాలలో బి గ్రూపు కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అనే పేర్లు కనిపిస్తాయి. నద్దాఫ్, లద్దాఫ్ ఒకే మాటకు రెండు ఉచ్చారణలని వేరే చెప్పనక్కరలేదు. ఢిల్లీ ధునియాకూ కర్నూలు దూదేకులకూ భాష వేరు, వేషం వేరు. విల్లు మాత్రం ఒకటి.

మన దూదేకులవారిని గూర్చి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసినది తక్కువే. పేరులో ఇస్లాం, నోట తెలుగు, ఇంటి ఆచారాలలో రెండింటి కలయిక వారిది. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య ఈ ఇంటివాడే. బుర్రకథకు పర్యాయపదంగా నిలిచిన షేక్ నాజర్ కూడా ఈ కులంవాడే. ఆయన 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు, 1997లో కన్నుమూశారు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘పింజారి’. పింజారి అన్న మాటను తిట్టుగా వాడే జాతికి అంతకంటే సభ్యమైన జవాబు లేదు. ఒక మనిషి మనకు చలి కాయించే పని చేస్తే, ఆ పని పేరునే మనం ఈసడింపుగా మార్చుకున్నాము. వారిని ఎగతాళి చేసే సామెతలు కూడా మన భాషలో ఒకటికి రెండున్నాయి. వాటిని ఇక్కడ తిరిగి అచ్చువేయవలసిన పని లేదు.

1947 శీతాకాలం

ఓల్డ్ రాజిందర్ నగర్‌కు రజాయితో ఉన్న సంబంధం నేటి విద్యార్థులతో మొదలైనది కాదు. దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చినవారికి పునరావాసంగా కట్టిన కాలనీ ఇది. బాబూ రాజేంద్రప్రసాద్ పేరు పెట్టారు. లాహోరులో 1921లో స్థాపితమైన గంగారాం ఆసుపత్రికి ఈ గడ్డ మీదనే మారుజన్మ లభించి, 1954 ఏప్రిల్‌లో దాని తలుపులు తెరుచుకున్నాయి. 1951 జనాభా లెక్కల నాటికి ఢిల్లీలో అటువంటి నిర్వాసితుల సంఖ్య సుమారు 5 లక్షలు. ఇళ్ళు లేచేలోగా వారు గుడారాలలో గడిపిన శీతాకాలాలు ఉన్నాయి.

1947 శరత్కాలంలో బిర్లా భవనంలో బస చేసిన గాంధీజీ సాయం ప్రార్థన సభలలో చేసిన విజ్ఞప్తులలో ఒకటి కంబళ్ళ కోసం, రజాయిల కోసం. మంచు తడికి రజాయి నానిపోతుందన్న శంకకు ఆయన చెప్పిన ఉపాయం కూడా గ్రంథస్థమై ఉన్నది: పాత వార్తాపత్రికలను పైన కప్పుకోండి అన్నారు. మతకల్లోలాల మంటల నడుమ నిలిచి దేశాన్ని ఓదార్చుతున్న మనిషికి రజాయి తడవకూడదన్న ధ్యాస కూడా ఉండడం గమనార్హం. మా వంటి పత్రికల వారికి అంతకంటే సద్వినియోగం లేదేమో కూడా!

అదే శరత్తులో మరొక వైపు ఢిల్లీ ముస్లింలు లక్షల సంఖ్యలో ఇళ్ళు విడిచి పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి శిబిరాలలో తలదాచుకున్నారు. వారిలో అనేకులు సరిహద్దు దాటారు. నగరపు చేతిపనులలో పెక్కు వారి చేతులలోనే ఉండేవి. ఒక దిక్కున రజాయి లేని నిర్వాసితుడు గుడారంలో వణుకుతూ ఉండగా, మరొక దిక్కున రజాయిలు కట్టే చేతులు మరొక గుడారంలో భయంతో వణికాయి. విభజన ఎవరికి ఏమి చేసిందన్న చర్చలో ఈ లెక్క కూడా చేర్చుకోవలసి ఉన్నది.

పూసా రోడ్డు పాఠం

కాలనీ గట్టిపడి మేడలు లేచాక కూడా చలి ఈ ప్రాంతానికి ఒక పాఠం చెప్పింది. 2009 డిసెంబరులో పూసా రోడ్డు కూడలి దగ్గర ఇల్లులేనివారు తలదాచుకుంటున్న తాత్కాలిక రాత్రి బసను నగర పాలక సంస్థ కూల్చివేసింది. చలి రాత్రులలో అక్కడివారు వీధిన పడ్డారు, మరణవార్త వచ్చింది. ఢిల్లీ హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది. ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ ఈ సంగతిని న్యాయస్థానం దృష్టికి తెచ్చారు. 2010 జనవరిలో సుప్రీంకోర్టు రాత్రి బసల ఏర్పాటుకు ఆదేశాలిచ్చింది. చలి నుంచి రక్షణ జీవించే హక్కులో భాగమన్న భావనకు ఆ విధంగా న్యాయపీఠం బలం చేకూర్చింది. అదే సంవత్సరం ఢిల్లీ పట్టణ ఆశ్రయ బోర్డు చట్టం వచ్చింది.

బస కట్టడం ఒక పని. బసలోని పక్కబట్టలను వెచ్చగా ఉంచడం మరొక పని. మొదటి దానికి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండవ దానికి ఏమీ ఉండదు. దానం చేసేవారు కొత్త కంబళ్ళు పంచుతారు. వాటిలో చాలా భాగం పానిపట్టులో పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్ళీ వడికి నేసినవి. పంచిన కంబళి రెండేళ్ళలో చివికిపోతే మళ్ళీ పంచుతారు. ఉన్న రజాయిని విప్పి, ఎండబెట్టి, ఏకి, మళ్ళీ కుట్టే ఏర్పాటుకు పద్దు ఉన్న బడ్జెటు అరుదు.

సైన్యం విషయంలో కూడా ఈ దేశం చలి పాఠాన్ని కష్టం మీదనే నేర్చుకున్నది. 1962 అక్టోబరులో నామ్కా చూ ఒడ్డున 7వ బ్రిగేడు జవానులు నూలు దుస్తులలో చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటుకు సమర్పించిన కాగ్ నివేదిక కూడా, మంచు సరిహద్దులలోని జవానులకు పాతరకం జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులే కొని మేలైన సరుకు ప్రయోజనాన్ని దూరం చేశారని ఆక్షేపించింది. కొండమీద జవానుకైనా, కూడలిలో కూలికైనా చలి ఒకటే. దానికి సమాధానం కొనుగోలు ఒక్కటే అని అధికార యంత్రాంగం అనుకుంటున్నంత కాలం ఈ ఆక్షేపణలు తప్పవు.

పద్దెనిమిది వృత్తులు

ఇప్పుడు అసలు సంగతి. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం 13,000 కోట్ల రూపాయల వ్యయంతో పి.ఎం. విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. చేతిపనివారికి గుర్తింపు పత్రం, శిక్షణ, పనిముట్ల కొరకు 15,000 రూపాయలు, పూచీకత్తు లేకుండా రెండు విడతలుగా 3 లక్షల రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు దాని ముఖ్యాంశాలు. ఉద్దేశం మెచ్చదగినది. పథకం పద్దెనిమిది వృత్తులను పేర్కొన్నది: వడ్రంగి, పడవలు చేసేవారు, ఆయుధాలు చేసేవారు, కమ్మరి, సుత్తులు పనిముట్లు చేసేవారు, తాళాలు చేసేవారు, కంసాలి, కుమ్మరి, శిల్పి, చెప్పులు కుట్టేవారు, తాపీపనివారు, బుట్టలు చాపలు చీపుళ్ళు అల్లేవారు, బొమ్మలు చేసేవారు, క్షురకులు, పూలదండలు కట్టేవారు, రజకులు, దర్జీలు, చేపల వలలు అల్లేవారు.

మరొకసారి చదవండి. రజాయి గలీబు కుట్టే దర్జీ ఉన్నాడు. దానిని ఉతికే రజకుడు ఉన్నాడు. నడుమ దూది ఏకి అందులో ప్రాణం పోసే మనిషి లేడు. వస్త్రానికి ముందు దారం, దారానికి ముందు ఏకు, ఏకుకు ముందు దూదేకు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకి, వడికే స్త్రీల చేతి నేర్పును దేశమంతా ఖద్దరు పేరిట పొగిడినాము. ఆ నేర్పుకు మూలమైన పనిని మాత్రం వృత్తుల పట్టికలో మరచిపోయినాము.

ఇది కావాలని చేసిన తొలగింపు అని అనుమానించేవారు ఉండవచ్చును. పట్టికలో మతభేదం రాసి లేదు. తాళాలు చేసేవారిలోనూ క్షురకులలోనూ ముస్లింలు ఎందరో ఉన్నారు. కనుక అంత దూరం పోనక్కరలేదు. ఇది ఉపేక్ష. పాతదానిని బాగుచేసే వృత్తులు ప్రభుత్వాల కంటికి ఆనకపోవడం పాత జబ్బు. కొత్త వస్తువు తయారైతే ఉత్పత్తి లెక్కకెక్కుతుంది, అమ్మితే పన్ను వస్తుంది. పాత రజాయి మళ్ళీ వెచ్చబడితే లాభపడేది కప్పుకున్నవాడొక్కడే. ఆ లాభానికి ఏ శాఖలోనూ దస్త్రం లేదు.

రెండు అభ్యంతరాలు

ఒకటి: చవక పాలియెస్టరు రజాయిలు వచ్చాక ఇంకా దూది ఏమిటన్న ప్రశ్న. అవి తేలిక, తేమ పట్టవు, ఉతకడం సులభం. ఆ మేరకు నిజమే. కాని అది అణగి చెత్తకుప్ప చేరితే మట్టిలో కలిసేది కాదు. దూది అలా కాదు. ఎన్నో మారులు ఏకవచ్చును. పోగు పొట్టిదై రజాయికి పనికిరానప్పుడు పరుపులోకి, తరువాత దిండులోకి దిగుతుంది. చివరకు మట్టిలో కలుస్తుంది. పత్తి పండించి ధర లేక అలమటిస్తున్న గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు రైతుల నాడు చెందిన మనం ఈ లెక్కను తేలికగా తీసుకోజాలము.

రెండవది మరింత గట్టి అభ్యంతరం. అది దూదేకుల యువకుల నుంచే వస్తుంది. విల్లు మాకు వద్దు, బడి కావాలి, ఉద్యోగం కావాలి అన్నది వారి వాదన. న్యాయమైన వాదన. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారిని వెనుకబడిన తరగతులలో చేర్చినది ఆ తలుపు తెరవడానికే. వృత్తిని కులానికి మళ్ళీ కట్టివేయమని అడిగేవాడు వారికి మిత్రుడు కాడు. కాని పని ఉన్నది, చేస్తున్నవారు ఉన్నారు, వారి ఊపిరిలో దుమ్ము పేరుకుంటున్నది. దుమ్ము పీల్చే పంకా గల యంత్రం కొనుక్కోవడానికి అప్పు, వైద్య పరీక్ష, గుర్తింపు పత్రం వారు అడగదగిన కనీసం. ఈ పని ఎవరు చేపట్టినా, ఏ కులమైనా ఏ మతమైనా, అదే హక్కు ఉండాలి. గౌరవం వచ్చినప్పుడు వృత్తి కులాన్ని దాటుతుంది. క్షౌరశాలలు దాటలేదా?

చేయదగినవి

ఈ పేటలోని మన పిల్లలకు ఒక మాట. మీ చేతికి వచ్చిన పాత రజాయిని పారవేయకండి. మొదట నాలుగు రోజులు మేడమీద ఎండలో వేసి తిప్పండి. తేమ పోతేనే సగం పొంగు వస్తుంది. గడ్డలు విడకపోతే ఏకించండి. ఇచ్చేటప్పుడు దూది బరువు తూచండి, తీసుకునేటప్పుడు మళ్ళీ తూచండి; తరుగు ఎంత, కొత్తగా కలిపినది ఎంత అని అడగండి. మిల్లు వ్యర్థాలు కలపకుండా కళ్ళెదుటే చేయించుకోండి. వేసవి వచ్చాక బిగించి కట్టి పెట్టె అడుగున తొక్కకండి. గది ఖాళీ చేసేటప్పుడు వచ్చేవారికి అణగిన రజాయిని అంటగట్టకండి. రేపు జిల్లా కలెక్టర్లు కాగోరేవారికి ఈ పాటి ప్రజాహితం మంచి అభ్యాసమే.

ప్రభుత్వానికి చెప్పవలసినవి రెండు. విశ్వకర్మ పట్టికలో దూదేకు పనిని 19వ వృత్తిగా చేర్చడం ఒకటి. రాత్రి బసలకు, ప్రభుత్వ వసతి గృహాలకు, ఆసుపత్రులకు ఏటా శీతాకాలానికి ముందు పక్కబట్టలు ఏకించే పద్దు పెట్టి, ఆ పనిని ఈ వృత్తివారి సంఘాలకే అప్పగించడం రెండవది. ఇందుకు రాజ్యాంగ సవరణ అవసరం లేదు, కొత్త మంత్రిత్వశాఖ అవసరం లేదు.

లోక్‌సభలో తెలుగువారి స్థానాలు రెండు రాష్ట్రాలకు కలిపి 42. పార్లమెంటు శీతాకాల సమావేశాలు జరిగేది సరిగ్గా ఢిల్లీ ధునియాకు పని తగిలే రోజులలోనే. ప్రత్యేక హోదా, నదీజలాలు, విభజన హామీలు వంటి పెద్ద ప్రశ్నలు ఎలాగూ ఉన్నవి. వాటి నడుమ ఎవరైనా ఒక్క సభ్యుడు లేచి, దర్జీకీ రజకుడికీ మధ్యనున్న మనిషి పేరు పట్టికలో ఎందుకు లేదని అడిగితే చాలు. చిన్న ప్రశ్నే. కాని ఏకు మేకవడం మనకు తెలియనిది కాదు.